పుట్టింటి చేప

వలస నలభై ఒకటో ఏడు, వైశాఖం

తోపు కాపలాదారు తాను చూసింది రాసి పంపాలని, మమ్మల్ని ఇక్కడ ఉండనిచ్చిన సమాఖ్య నిబంధన. ఆ కాపలాదారుని నేను, మైలపల్లి అసిరమ్మని. చదివేది ఎవరో నాకు తెలీదు. పోయినేడు మధ్యలో ఒకచోట "ఇది చదివేవాళ్లుంటే ఒక్క ముక్క జవాబివ్వండి" అని రాశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంతకంటే గోడకి చెప్పుకోవడం నయం. మా ఇంటి గోడ పల్చనిది, అవతల మా అత్తకైనా వినబడుతుంది.

పొద్దున్నే మొప్పసంచి మంచినీళ్లలో కడిగి వీపుకి తగిలించుకున్నాను. దాన్ని కడక్కుండా దిగితే ఉప్పు పట్టి ఊపిరి సగమే అందుతుంది. నాతోబాటు మా తోడికోడలు ధనాలు కూడా దిగింది. కొత్తగా పెళ్లై వచ్చిన పిల్ల, నా కంటే బాగా ఈదుతుంది. పోయినవారం మేమిద్దరం తాళ్లకి కట్టిన నారు ఎంత ఎదిగిందో చూసి రావాలి.

నారు అంటే వరినారు కాదు. మా రెండునీళ్ల లంకకి ఉత్తరాన వెచ్చనీరు, దక్షిణాన చన్నీరు. వెచ్చని పక్క పగడాలు, చల్లని పక్క నిలువెత్తు నాచు. ఆ నాచునే తోపు అంటాం. రెండు నీళ్లూ కలిసే చోట ఒకే బండకి ఒక చెంపన పగడం, ఇంకో చెంపన నాచు ఉంటాయి. వేడిదేశపు చిలకచేపా చలిదేశపు పెద్దరొయ్యా ఇరుగూ పొరుగూ. ఇలాంటి కాపురం సముద్రంలో ఇంకెక్కడా లేదని సమాఖ్యవాళ్లే ఒకప్పుడు రాశారు.

తోపు ఉంటే అల విరుగుతుంది. అల విరిగితే దాని వెనక తాళ్లతో కట్టిన మా తేలే ఇళ్లు నిలుస్తాయి. తోపు సగానికి పడిపోతే మమ్మల్నందర్నీ సముద్రమే కనబడని లోపలి శిబిరాలకి పంపేస్తామని ఒప్పందంలో ఉంది. అందుకే ఏటా నారు పెంచి, ఖాళీ అయిన చోటల్లా నాటుతాం. వల తప్ప నాగలి పట్టని కులం మాది. మా ముసలిమావ, దానయ్య తండ్రి, బతికున్నన్నాళ్లూ దీన్ని సముద్రంలో వ్యవసాయమని వెక్కిరించాడు.

ఈ పూట చూస్తే తాళ్ల నిండా మొదళ్లే ఉన్నాయి. ఆకు లేదు.

"ఏటక్కా ఇది, ఉడుపుకి ఉడుపంతా పోయింది" అంది ధనాలు పైకొచ్చి సంచి విప్పుకుంటూ.

"ముళ్లకాయలు తినేసుంటాయి. రేపు సుత్తులు పట్టుకెల్దారి" అన్నాను. ముళ్లకాయలంటే బండలకి కరుచుకుని బతికే గుండ్రటి ముళ్లజీవాలు, వాటికి నాచంటే ప్రాణం. ఎప్పుడు తోపు తరిగినా దొంగ అదే.

జ్యేష్ఠం, శుద్ధంలో

ముళ్లకాయల్ని కొట్టీ కొట్టీ చేతులు బొబ్బలెక్కాయి. మా ఆయన దానయ్య, మరిది ఎల్లాజీ, అదే ధనాలు మొగుడు, కూడా వచ్చి సాయం చేశారు. బండలన్నీ శుభ్రమయ్యాయి గాని ఆకు మాత్రం ఇంకా పోతూనే ఉంది. ఇప్పుడు నారుతో ఆగలేదు, పెద్ద మొక్కల మీద పడింది.

ఈపాటికి నీళ్లు చలితో పళ్లు కటకటలాడించాలి. ఇక్కడ చలి జ్యేష్ఠంలో మొదలై ఆషాఢంలో ముదురుతుంది. ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. బద్ధకంగా ఉన్నాయని కూడా అనిపించింది, అది రాయొచ్చో లేదో తెలీదు.

నల్లబండ కింద పెద్దరొయ్యలు లేవు. ఆకు సందుల్లో ఆకులాగే ఊగుతూ దాక్కునే గుర్రంమొహం చేపలు దాక్కోడానికి ఆకు లేక బండల మీద బిక్కమొహం వేసుకున్నాయి. మూడు కనబడ్డాయి, మర్నాటికి అవీ లేవు. పగిలిన కుండలో కాపురముండే ఎనిమిది కాళ్ల బొంత నత్త ఖాళీ చేసింది. తోపులో ఎప్పుడూ చిటపటమని నూనెలో పోపు వేగుతున్నట్టు చప్పుడుండేది, చిన్నరొయ్యల గోళ్ల చప్పుడది. ఇప్పుడు దక్షిణపు కొసకి వెళ్తే నా ఊపిరి నాకే వినబడుతోంది. భయం వేసింది. ఇన్నేళ్ల పనిలో నీళ్లలో భయపడడం ఇదే మొదలు.

ఒక ఆకు కోసి పైకి తెచ్చి వెలుతుర్లో చూశాను. అంచున గాట్లు నెలవంకల్లా వరసగా ఉన్నాయి. ముళ్లకాయ గీకుతుంది, కొరకదు. దీన్ని కొరికింది పెదాలూ పళ్లూ ఉన్న ప్రాణి.

ఆషాఢం, మొదటివారం

దొంగ దొరికింది. దొరక్కపోతే బాగుండేది.

తొలిపొద్దు పొడిచేవేళకి తోపులో ఒక మొక్క మొదలు పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. వెలుగు రాగానే ఉత్తరం నుంచి మంద దిగింది. వెండిరంగు ఒళ్లు, పసుపు చుక్కలు, ముద్దుపెట్టుకోబోతున్నట్టు ముందుకొచ్చిన మూతి. పుట్టింటి చేపలు. వరసగా ఆకు పట్టుకుని పెళ్లిభోజనంలో కూర్చున్నవాళ్లలా తీరిగ్గా మేశాయి. నా మొహం ముందు నుంచి వెళ్తూ ఒకటి నన్ను చూసింది కూడా. మనిషంటే వాటికి బెదురెందుకుంటుంది? పన్నెండేళ్లుగా మేమే పీట వేసి కూర్చోబెడుతున్నాం.

ఆ పేరు ఎందుకొచ్చిందో రాస్తాను. మా ఊరు మునిగిపోయి మేమిక్కడికి వచ్చినప్పుడు నాకు నాలుగేళ్లు. ఊరు అనగానే నాకు గుర్తొచ్చేది తడిసిన దుప్పటి ఒక్కటే. పెద్దవాళ్లకి అన్నీ గుర్తే. ఇక్కడి చన్నీళ్లలో వాళ్లు ఎరిగిన చేప ఒక్కటీ లేదు. పన్నెండేళ్ల కిందట నీళ్లు కొంచెం వేడెక్కాక వేసవిలో ఈ చేప మొదటిసారి కనబడింది. చూడగానే మా అత్త కాములమ్మ నడుంలోతు నీళ్లలో నిలబడి ఏడ్చిందట. "మన రేవు సేపే. మనల్ని ఎతుక్కుంటా ఒచ్చింది" అందట. ఆరోజు నుంచి దాన్ని పట్టకూడదు, కొయ్యకూడదు, తినకూడదు. అప్పట్లో సమాఖ్యవాళ్లు దాని జాతి పేరు తేల్చడానికి నమూనా పంపమన్నా పంపలేదు. పుట్టింటోణ్ణి సీసాలో పెట్టి ఎవరు పంపుతారని అందరూ ఒకటే మాట.

ఆషాఢంలో కొత్తకోడలు పుట్టింటికి వెళ్లాలి కదా. మా లంకలో ఎవరి పుట్టిల్లైనా నాలుగు తాళ్లవతలే. ధనాలు పుట్టిల్లు మా గుమ్మంలోంచి కనబడుతుంది, వాళ్లమ్మ చేపలు వేయిస్తే మాకు వాసనొస్తుంది. "అది పుట్టిల్లేటి, తాడుకి కట్టిన సెక్క. పుట్టిల్లంటే మునిగిపోయిన ఊరే" అంటారు పెద్దవాళ్లు. అందుకని ఆషాఢంలో ఆడవాళ్లందరూ తోపు అంచున నిలబడి ఆ చేపలకి చలిమిడి పెడతారు. పుట్టింటివాళ్లు చూడ్డానికొస్తే ఉత్త చేతులతో పంపకూడదని. మొదట్లో, చలికి వెళ్లిపోకుండా వెనకబడ్డ నాలుగైదింటికి పున్నమినాడే పెట్టేవారు. తర్వాత నెలంతా పెట్టారు. ఇప్పుడు ఇంట్లో ఎవరికి దిగులేసినా గుప్పెడు పట్టుకుని వెళ్తున్నారు.

చలిరాగానే వెనక్కి పోవాల్సిన చేప ఇక్కడే ఎందుకు ఉండిపోయిందో ఇప్పుడు అర్థమైంది. నీళ్లు కొంత కారణం. మిగిలిన కారణం మేమే. ఆకలేసినప్పుడల్లా చలిమిడి, అది చాలకపోతే పక్కనే తోపు.

సాయంత్రం దానయ్యకి చెప్పాను. వల కుట్టుకుంటున్నవాడు సూది ఆపాడు.

"ఈ మాట అమ్మ సెవిన పడనియ్యకు" అన్నాడు.

"నీ సెవిన పడింది గదా మావా. నువ్వేటంటావు?"

"నానేటీ అనను" అని మళ్లీ సూది ఆడించాడు. మా ఆయనకి గాలివానలో పడవ నడపడం వచ్చు గాని వాళ్లమ్మకి ఎదురు చెప్పడం రాదు.

ఆషాఢం, పున్నమికి ముందు

చివరికి నేనే చెప్పాను. గద్దె మీద అందరినీ కూర్చోబెట్టారు. గద్దె అంటే ఇళ్ల మధ్య తేలే పెద్ద బల్ల, మాకు రచ్చబండ అదే. మా లంకపెద్ద సూరాడ ఎర్రన్న ముందు నవ్వాడు, తర్వాత నా మొహం చూసి మానేశాడు.

"వలలేసి ఆ సేపల్ని పట్టీయాల. ఈ వారంలోనే. లేపోతే సలికాలం ఎల్లేసరికి తోపుండదు. తోపు లేపోతే మనం ఉండం" అన్నాను.

అందరూ మా అత్త వైపు చూశారు. ఆమె కాళ్లు చాపుకుని మోకాళ్లకి నూనె రాసుకుంటోంది.

"పుట్టింటోడు ఒచ్చి రెండు ముద్దలెక్కువ తిన్నాడని నరికీమంటావేటే అసిరీ?"

"రెండు ముద్దలు కాదత్తా, ఇల్లే తినీస్తన్నాడు."

"నీకు ఊరు గేపకం నేదు. అందుకే నోరొస్తంది."

ఆ మాట నాకు చాలా గట్టిగా తగిలింది. నిజమే, గుర్తు లేదు. లేనిదానికోసం ఏడవడం నాకు చేతకాదని ఇన్నేళ్లూ నన్ను ఒక మెట్టు కిందే చూశారు. ఉన్నది పోతుంటే చూడడం మాత్రం నాకు వచ్చు, ఆ పనికి నన్ను పెట్టింది కూడా వాళ్లే. ఇదంతా పైకి అనలేదు.

ఎర్రన్న రెండు పక్కలా నొప్పించకుండా తీర్పు చెప్పాడు. పున్నమి వెళ్లాక నీళ్లు చల్లబడతాయి, అవే వెళ్లిపోతాయి, అంతదాకా ఎవరూ తొందరపడకండి అని. పైగా ఈ ఆషాఢం ధనాలుకి మొదటిది, మొదటేడు చలిమిడి ఆపితే అరిష్టం. మా ధనాలు తల దించుకుని కూర్చుంది. ఆ పిల్లనెవరూ ఏమీ అడగలేదు.

ఆషాఢం, పున్నమి

నీళ్లు చల్లబడలేదు.

పొద్దున్నే ఆడవాళ్లందరూ పసుపు బట్టలతో తోపు అంచుకి వెళ్లారు. కొత్తకోడలు కనుక ధనాలు ముందు నిలబడింది. చేతిలో చలిమిడి ఉండ పెట్టుకుని నీళ్లలోకి వంచగానే మంద వచ్చేసింది. వేళ్ల సందుల్లోంచి తిన్నాయి. ఆ పిల్లకి చక్కిలిగింతై నవ్వింది. నాకు కోపం రావాల్సింది, రాలేదు. అంత అందంగా ఉంది.

తిండి అయ్యాక మంద తోపులోకి మళ్లింది. అందరూ ఇళ్లకి బయల్దేరుతుంటే మా అత్త కదల్లేదు. నా వీపున ఉన్న మొప్పసంచి వైపు చెయ్యి చాపింది.

"ఇలాగియ్యి."

"నీకెందుకత్తా, ఊపిరాడదు."

"పెద్దంతరం సిన్నంతరం నేకండా ఊరందరిలో అనీసేవు గదా. నువ్వు సెప్పింది అబద్దమని నా కళ్లతో సూసొచ్చి సెప్తాను. అప్పుడు నోరు మూసుకుందువు."

డెబ్బయ్యారేళ్ల మనిషి. నీళ్లలో దిగి పదేళ్లు దాటింది. నా సంచి ఆమెకి కట్టి, ధనాలు సంచి నేను తగిలించుకుని, చెయ్యి పట్టుకుని దించాను. నీళ్లలోకి వెళ్లగానే మోకాళ్లనొప్పుల మనిషి కాస్తా బరువు లేకుండా అయిపోయింది. నా చెయ్యి వదిలించుకుని తనే ముందు వెళ్లింది.

తోపు ఎలా ఉండేదో ఆమెకి తెలుసు. మొదటి నారు కట్టిన నలుగురు ఆడవాళ్లలో ఆమె ఒకతె. ఇప్పుడు చూసింది మొదళ్లు, మొదళ్ల మీద మొదళ్లు, వాటి మధ్య పసుపు చుక్కల మంద. మా కళ్లముందే ఒక చేప లేత చిగురుని కొరికింది. నోటి పక్క నుంచి తెల్లటి చలిమిడి పొడి రాలింది. ఆమె అక్కడే నిలబడి చాలాసేపు చూసింది. చెయ్యి వేసి తోలింది కూడా, పిట్టల్ని ధాన్యం మీంచి తోలినట్టు. అవి పోలేదు. ఇంకేమైనా పెడుతుందేమోనని చేతి చుట్టూ మూగాయి.

పైకొచ్చాక సంచి తనే విప్పి నా చేతిలో పెట్టింది.

"దానయ్యని పిలు. వలలు దింపమను" అంది.

ఆషాఢం, బహుళంలో

వలలు పడ్డాయి. పారిపోవడం తెలియని చేపని పట్టడానికి నేర్పు అక్కర్లేదు. మగవాళ్లు మొహాలు తిప్పుకుని లాగారు. వాటి వీపు ముళ్లు గుచ్చుకుని ఎల్లాజీ చెయ్యి బూరెలా వాచింది. ఎవరూ వాడి మీద జాలిపడలేదు, తగిన శాస్తే అన్నట్టు చూశారు. ఒడ్డుకి చేర్చాక ఆడవాళ్లు ఏడుపు మొదలెట్టారు. శవం దగ్గర ఏడ్చినట్టే, వరసలు పెట్టి, అన్నా తమ్ముడా అని.

పారేస్తే పాపమని మా అత్త అంది. పుట్టింటివాళ్ల ఒళ్లు కుళ్లబెట్టకూడదు, గద్దె మీద వండి అందరూ తలో ముద్దా తిని స్నానం చెయ్యాలని తేల్చింది. మొదటి చేప తనే కోస్తానంది.

కత్తిపీట ముందేసుకుని కూర్చుంది. పొట్ట చీరితే నమిలిన నాచూ చలిమిడీ కలిసి పచ్చటి ముద్ద బయటపడింది. అది ఎవరూ చూడకుండా కొంగుతో కప్పింది. తర్వాత తల కోసి, వేళ్లతో తెరిచి లోపల వెతికింది. ఇంకో తల తీసుకుంది. అదీ తెరిచింది. మూడోదాన్ని పీట మీద పెట్టి రోకలిబండతో కొట్టింది.

"ఏటెతుకుతున్నావత్తా?"

"రాళ్లు" అంది. "మన సేప తలకాయలో రెండు తెల్లరాళ్లుంటాయి, సింతగింజలంతేసి. సిన్నప్పుడు వాటితోనే ఆడుకునేవోళ్లం. ఏ తలకాయ కొట్టినా ఉండాల."

ఎర్రన్న లేచి వచ్చాడు. ఆయనకీ రాళ్లు గుర్తే. ఇద్దరూ కలిసి ఇంకా కొన్ని తలలు పగలగొట్టారు. ఏడుపులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. వండిన ముక్క ఒకటి నోట్లో పెట్టుకుని నమిలి, మింగకుండా అరచేతిలోకి ఉమ్మింది మా అత్త.

"ఇది మన సేప కాదు" అంది. "సుక్కలు సూసి మోసపోనాం. ఎక్కడి సేపో ఏటో. మనకీ దీనికీ ఏ సుట్టరికమూ నేదు."

పన్నెండేళ్లలో ఒక్కసారైనా ఒక్క చేపని కోసి ఉంటే తెలిసేది. కొయ్యలేదు, అదే కదా మా మర్యాద. గెలిచింది నేనే. అంత రోతగా నాకెప్పుడూ అనిపించలేదు. ఆ ముసలావిడ మొహం చూస్తుంటే నా మాట అబద్ధమైపోయినా బాగుండేదనిపించింది.

అప్పుడు ధనాలు మాట్లాడింది. పెళ్లయ్యాక పెద్దల ముందు ఆ పిల్ల గొంతు విప్పడం అదే మొదలు.

"మరి నా పుట్టిల్లో అత్తా?"

మా అత్తకి అర్థం కాలేదు. "నీ పుట్టిల్లేటే?"

"నాను ఊరెరగను. ఈ తోపు మీదే పుట్టేను. తాళ్లు పట్టుకునే ఈత నేర్సేను. ఇదే నా పుట్టిల్లు. మీ పుట్టింటోళ్లనుకుని దీన్ని ఆ సేపకి పెట్టీసేరు. నన్ను ఒక్క మాటడిగేరా?"

ఆ పిల్ల అరవలేదు. అరిచి ఉంటే ఎవరో ఒకరు కసిరి కూర్చోబెట్టేవారు. మా అత్త అరచేతిలో ముక్క కింద పెట్టి, "తప్పైపోనాది తల్లీ" అంది. ఆమె నోట ఆ మాట నేను వినడం ఇదే మొదలు.

శ్రావణం

రోజూ వలలు వేస్తున్నాం. ఏడుపులు లేవు, మామూలు చేపలు పట్టినట్టే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మంద పల్చబడింది గాని మొదళ్లు చిగురించాలంటే చన్నీళ్లు కావాలి. ఈ ఏడు చలి రాలేదు. వచ్చే ఏడు వస్తుందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

పౌర్ణమి వెళ్లిన మూడోనాడు దక్షిణపు పోటు వచ్చింది. ఏటా వచ్చేదే. ఏటా తోపులో పడి నురగై మా గుమ్మాల దగ్గర కాళ్లు కడిగి పోయేది. ఈసారి విరగలేదు. ముందువరస ఇళ్ల తాళ్లు తెంచుకుపోయింది. మనుషుల్ని అందర్నీ లాగేశాం. ధనాలు పుట్టిల్లు పొయ్యీ గిన్నెలతో సహా సముద్రం మీదకి కొట్టుకుపోయింది. దానయ్య పడవేసుకుని వెనక వెళ్లి, చీకటిపడే ముందు ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

తోపు ఎంత మిగిలిందో సమాఖ్యకి రాయాల్సిన రోజు ఇది. "కొంచెం ఎక్కువెయ్యి, ఒక్కేడు గడువొస్తాది" అన్నాడు ఎర్రన్న. ఆయన అడిగినందుకు నాకు కోపం లేదు. నేనే మూడుసార్లు ఎక్కువ రాసి కొట్టేశాను. వచ్చే పోటుకి రెండోవరస ఇళ్లున్నాయి, వాటిలో పిల్లలున్నారు. ఉన్నదే రాస్తున్నాను. సగానికి సగం కాదు, పదోవంతు కూడా లేదు.

భాద్రపదం

నా రాతలకి మొదటిసారి జవాబు వచ్చింది. ఓడ పంపుతున్నామని.

ఈ రోజు ఎక్కాం. మనిషికి ఒక మూట. నలభై ఏళ్ల కిందట కూడా ఇలాగే మూటలతో దిగారట. ఎక్కడ నిలబడాలో, దేన్ని ముందు అందించాలో పెద్దవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అందరం ఎక్కాక ధనాలు లేదు. తోపు అంచున నడుంలోతు నీళ్లలో నిలబడి ఉంది. ఎల్లాజీ వెళ్లబోతే మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది. ఆ పిల్ల పెద్దగా ఏడుస్తోంది. వరసలు పెట్టి కాదు, చిన్నపిల్ల ఏడ్చినట్టు. ఓడవాళ్లు కూత వేశారు. పోయిన ఊరి కోసం ఎలా ఏడవాలో తెలిసినవాళ్లం ఓడ నిండా ఉన్నాం. ఊరుకోమని చెప్పే మొహం మాలో ఒక్కరికీ లేదు.

మా అత్త మళ్లీ నిచ్చెన దిగింది. మోకాళ్లు పట్టుకుని ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్లి ఆ పిల్ల పక్కన నిలబడింది. కూత మూడోసారి వేసేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.